ఆరుగీతల పేరంటాలు

గాలిమెరక ఊరు దాటి, మొగలిపొదల మధ్య ఇసుకబాటన తూర్పుకు నడిస్తే, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నల్లరాతి మిట్ట ఒకటి కనిపిస్తుంది. శ్రీ ఆరుగీతల పేరంటాలమ్మ వారు కొలువై ఉన్నది ఆ మిట్ట మీదనే. ఆటోలు కల్వర్టు దాకా వస్తాయి. అక్కడి నుంచి ఎవరికైనా నడకే శరణ్యం. వేసవిలో ఇసుక నిప్పుల్లా కాలుతుంది గనుక మిట్ట అంచు వరకు చెప్పులతో రావచ్చునని, అమ్మ అందుకు ఏమీ అనుకోదని పూజారి గారి మాట.

గుడికి మూడు గోడలే ఉన్నాయి. తూర్పున గోడ లేదు. లోపల విగ్రహం కూడా లేదు. నిలువెత్తు రాతిపలక మీద ఒకదాని కింద ఒకటిగా ఆరు అడ్డగీతలు మాత్రం చెక్కి ఉన్నాయి. పైనున్న అయిదూ నడిమికి తెగి రెండేసి ముక్కలుగా ఉంటాయి. అట్టడుగున ఉన్న ఒక్క గీత మాత్రం తెగకుండా నిండుగా ఉంటుంది. కొత్తగా వచ్చినవారు వాటిని విభూతి రేఖలనుకుని లెంపలు వేసుకోవడమూ, పక్కనే ఉన్న రాళ్ళకుప్పను చూసి ఇదేమిటని అడగడమూ మామూలే. అడిగినవారికి అడిగినట్టు చెప్పలేక పూజారి గారి గొంతు పోతున్నందున, పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్న కథను ఇక్కడ అచ్చు వేయించడమైనది.

పూర్వం ఇక్కడ రేవు ఉండేది. ఈశాన్యపు గాలి మొదలైన కొన్నాళ్ళకు తూర్పు దేశాల ఓడలు వచ్చి ఈ మొగలో లంగరు వేసేవి. పట్టు, పింగాణీ దించి, మన నూలుబట్టలు ఎక్కించుకుని, నైరుతి గాలి తిరగగానే వెళ్ళిపోయేవి. ఆ రోజుల్లో గాలిమెరకలో దాలయ్య అనే సరంగు ఉండేవాడు. నీటి రంగు చూసి అడుగున ఇసుక ఉందో రాయి ఉందో చెప్పగలవాడని అతనికి పేరు. అతని భార్య అసిరమ్మ. పెళ్ళయి ఇంకా రెండు వానాకాలాలు గడవలేదు. అతను వల ముడి వేస్తూ రాగం తాళం లేకుండా ఏదో గొణుగుతూ ఉండేవాడు. ఆమె ఆ గొణుగుడును వెక్కిరించేది. వెక్కిరించడానికి మనిషి ఎదురుగా ఉండడమే భాగ్యమని ఆమెకు అప్పటికి తెలియదు.

ఒక ఏడు చీనా దేశపు ఓడ ఒకటి దారి తెలిసిన సరంగును జ్వరానికి పోగొట్టుకుని ఈ రేవు చేరింది. తిరుగు ప్రయాణానికి దాలయ్యను ఇమ్మని ఓడ నాయకుడు ఊరిని అడిగాడు. వచ్చే గాలికి మళ్ళీ తీసుకొచ్చి దిగబెడతానన్నాడు. గాలిమెరకకు ఒక కట్టుబాటు ఉంది. పరాయి ఓడకు మనిషిని ఇస్తే, ఆ ఓడ కూడా ఒక మనిషిని ఊళ్ళో పూచీగా వదలాలి. మనవాడు వచ్చి దిగిన రోజున వాళ్ళవాడు ఎక్కాలి. ఎవరి ఇంటి నుంచి మనిషి వెళ్ళాడో ఆ ఇంటివారే పూచీమనిషికి అన్నం పెట్టాలి.

ఓడ నాయకుడు బాగా ఆలోచించి, తనకు లేకపోయినా గడిచే మనిషిని వదిలాడు. అతడు షెన్ యువాన్ అనే ముసలివాడు. ఓడలో తిథులు లెక్కపెట్టడం, పుల్లలు పంచి ప్రయాణపు మంచిచెడ్డలు చెప్పడం అతని పని. కాళ్ళు వాచి, తాడు పట్టుకుంటే గాని లేవలేని స్థితిలో ఉన్నాడు. ఊరివాళ్ళకు ఆ పేరు నోరు తిరగక చీనాతాత అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

అసిరమ్మకు మొదట్లో తాతను చూస్తే ఒళ్ళు మండేది. నిండు మనిషిని పట్టుకుపోయి, నడవలేని ముసలాణ్ణి ఇచ్చారని ఆమె బాధ. చావిట్లో చాప వేసింది గాని మాట కలపలేదు. అన్నం ముంత అతని ముందు ఎంత గట్టిగా దించేదంటే, పక్కింటివాళ్ళకు భోజనాల వేళ అయిందని తెలిసేది. తాత మాత్రం రెండు చేతులూ జోడించి ఆ ముంతకు దండం పెట్టి తినేవాడు. కట్టుబాటు ప్రకారం పెడుతున్న అన్నానికి దండం ఎందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు.

మొదటి ఏడు ఈశాన్యపు గాలికి ఓడ రాలేదు. అసిరమ్మ మిట్ట మీద నిలబడి కళ్ళు కాయలు కాచేలా చూసింది. సాయంకాలం ఒంటరిగా దిగివస్తుంటే, కింద రాతి మీద కూర్చుని తూర్పుకు చూస్తున్న తాత కనిపించాడు. తానొక్కతే ఎదురుచూడడం లేదని ఆమెకు అప్పుడు తట్టింది. ఇద్దరికీ కావలసింది ఒకే ఓడ. ఆ రోజు ముంత చప్పుడు కాలేదు.

తాత మెల్లగా మన మాట నేర్చుకున్నాడు. అతని ఊరు పెద్ద నది ఒడ్డున ఉందట. అల్లుడి ఇంటి ముందు ఉసిరి చెట్టంత పండ్లచెట్టు ఒకటి, మాటలు అప్పుడప్పుడే వస్తున్న మనవరాలు ఒకతె. ఆ పిల్లకు ఇప్పుడు మాటలన్నీ వచ్చేసి ఉంటాయని, అందులో తాత అన్న మాట ఉంటుందో ఉండదోనని అతను ఒకసారి అన్నాడు. దాలయ్య గొంతు ఎలా ఉండేదో తనకూ మరుపుకు వస్తోందని, అది తలచుకుంటే ప్రాణం జల్లుమంటోందని అసిరమ్మ ఎవరితోనూ చెప్పుకోలేదు.

రెండో ఏడు కూడా ఓడ జాడ లేకపోయేసరికి ఆమె ఉండబట్టలేక అడిగింది. "తాతా, ఓడలో నువ్వు పుల్లలేసి సెప్పేవోడివంట గదా. నా మనిసి కోసం ఒక్కపాలి సెప్పు."

"నా పుల్లలు ఉప్పుగాలికి పుచ్చిపోయాయి. అవి మా గుట్టల మీద మొలిచే మొక్క కాడలు. ఇక్కడ దొరకవు," అన్నాడు తాత.

అసిరమ్మ మూలనున్న చీపురు విప్పి కొబ్బరి ఈనెలు ముందు పోసింది. తాత వాటి వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "ఏటలగ సూత్తావు? నీ దేవుళ్ళకి మా సీపురు పనికిరాదేటి?" అని ఆమె గదమాయించింది. తాత నవ్వు ఆపుకుని, వంకర లేని ఈనెలు యాభై ఏరి, సముద్రపు నీటిలో కడిగి ఆరబెట్టాడు.

పని మొదలు పెడుతూ అతను అందులో ఒక ఈనె తీసి దూరంగా పక్కన పెట్టాడు. అదెందుకని ఆమె అడిగితే, అది లెక్కలోకి రాదన్నాడు. ఆ మాట అసిరమ్మ గుండెలో ముల్లులా దిగింది. గాలిమెరకలో మగవాడు కడలి మీద ఉంటే ఇంట్లో తలల లెక్కలో అతన్ని వదలరు. అయిదుగురున్న ఇంట నలుగురే ఉన్నా అయిదుగురం అనే చెబుతారు. లేనివాణ్ణి లెక్క నుంచి తీస్తే సముద్రం వింటుందని భయం. పక్కన పెట్టిన ఆ ఈనె ఆమెకు దాలయ్యలాగే కనిపించింది. తాత కళ్ళు మూసుకుని తూర్పుకు మొక్కుతున్నప్పుడు, ఆమె ఆ ఈనెను గభాలున తీసి కట్టలో కలిపేసింది. ఖాళీ కనబడకుండా చీపురు నుంచి ఇంకొకటి లాగి దాని చోట పెట్టింది.

తాత కట్టను రెండు కుప్పలుగా విడదీశాడు. ఒక కుప్ప నుంచి ఒక పుల్ల తీసి వేళ్ళ సందున పెట్టాడు. తర్వాత ఒక్కో కుప్పనూ నాలుగేసి చొప్పున లెక్కించి, మిగిలినవాటిని కూడా వేళ్ళ మధ్య దోపాడు. సరిగ్గా వేస్తే ఆ మొదటి పంపకంలో వేళ్ళ సందున ఒకసారి అయిదు, ఒకసారి తొమ్మిది నిలవాలి. ఆరు నిలిచాయి. మళ్ళీ కలిపి పంచాడు, ఆరే. కుప్పలు చిన్నవి చేసినా పెద్దవి చేసినా ఆరే. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎందుకంటే తాత రోజూ యాభై ఈనెలు కొత్తగా లెక్కపెట్టి తీసుకుంటున్నా, మొక్కుకునే ప్రతిసారీ అసిరమ్మ తన పని తాను కానిస్తూనే ఉంది.

మూడో నాడు తాత పుల్లలు కింద పెట్టి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. తన దేవతలకు ఈ సముద్రం అవతలి నుంచి పిలుపు వినబడడం లేదని, తన విద్య ఇంటి దగ్గరే ఉండిపోయిందని, ఇక తాను దారి తెలియనివాడినేనని తన భాషలో ఏడ్చాడు. మాట తెలియకపోయినా ఏడుపు తెలుస్తుంది కదా. అసిరమ్మ నిలువునా నీరైపోయింది. అతని కాళ్ళ దగ్గర కూలబడి, తాను చేసిన నిర్వాకమంతా చెప్పేసింది.

తాత ముందు నిర్ఘాంతపోయాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఊరికి వచ్చాక అతను అలా నవ్వడం అదే మొదలు.

"అన్నీ చేతిలోనే ఉంటే లెక్క కదలదమ్మా. ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది. ఒకటి దూరంగా ఉండాలి. అప్పుడే మిగిలినవి కదులుతాయి," అన్నాడు. "దాన్ని వదిలేయడం కాదు. దాన్ని బట్టే లెక్కంతా."

ఈసారి అసిరమ్మే ఒక ఈనె తీసి కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. తాత పంచిన ప్రతి మూడు పంపకాలకు ఒక గీత చొప్పున, కింది నుంచి పైకి, ఇసుక మీద ఆరు గీతలు గీశాడు. అడుగున నిండు గీత పడింది. దాని పైన వరుసగా అయిదూ తెగిన గీతలే పడ్డాయి. తాత వాటిని చూసి, "తిరిగి రావడం," అని ఒక్క మాట అన్నాడు.

ఆ సాయంకాలం అతను ఆమెకు ఆ గీతల పుట్టుక చెప్పాడు. వారి దేశంలో చెప్పుకునేదేమంటే, మొదట్లో మనుషులు తాబేటి చిప్పను నిప్పులో కాల్చి ఆ బీటల్లో భవిష్యత్తు చూసేవారట. అసిరమ్మ చెవులు మూసుకుంది. తాబేలును కాల్చిన మాట ఈ తీరంలో వినకూడదు. అంతకంటే ముందు ఒక ఆదిరాజు నదిలోంచి లేచిన జంతువు వీపున చుక్కలు చూసి, వెలుగుకు నిండు గీత, చీకటికి తెగిన గీత పెట్టి, మూడేసి గీతల గుర్తులు కల్పించాడట. ఎన్నో తరాల తర్వాత ఒక మంచి దొరను దుర్మార్గుడైన రాజు చెరలో వేశాడట. ఇల్లు ఎప్పుడు చూస్తానో తెలియని ఆ దొర, పొద్దు గడవక, మూడు మీద మూడు పేర్చి ఆరేసి గీతల గుర్తులు అరవై నాలుగు తయారు చేశాడట.

"అయితే ఈ ఇద్దె ఇంటి మీద బెంగతో పుట్టిందన్నమాట," అంది అసిరమ్మ. తాత తల ఊపాడు. చెరలో ఉన్నవాడి సంగతి అతనికి ఒకరు చెప్పనక్కర లేదు.

ఏడాదిలోని పన్నెండు నెలలకూ పన్నెండు గుర్తులు ఉన్నాయని కూడా అతను చెప్పాడు. పగలు మరీ కురచైన నెలకు వాళ్ళకు పడిన గుర్తే. చీకటంతా పైన ఉండగా అట్టడుగున ఒక వెలుగు గీత పుడుతుంది. నెలకొకటిగా అది పైకి పెరుగుతుంది. ఆరూ నిండాక మళ్ళీ కింది నుంచే తెగడం మొదలవుతుంది. "ఆ కురచ పగటి నాడు మా దేశంలో ఎవరూ ప్రయాణం కట్టరు. వెలుగు అప్పుడే పుట్టిన పసిబిడ్డ. చప్పుడు చేయకూడదు." మరి వేళ్ళ సందున మిగిలే పుల్లల సంగతేమిటని ఆమె అడిగింది. "నాలుగేసి లెక్కించేది నాలుగు కాలాలను. నెలలు చంద్రుడివి, కాలాలు సూర్యుడివి. ఇద్దరికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. కొంచెం కొంచెం మిగులుతుంది. ఆ మిగులును పారేయం, వేళ్ళ మధ్య దాచుకుంటాం. అది పెరిగి పెరిగి ఒక నెల అవుతుంది," అన్నాడు తాత. మన అధికమాసం వాళ్ళకూ ఉందని విని ఆమె ముచ్చటపడింది.

మూడో ఏడు గాలి కూడా ఉత్త చేతులతో వచ్చి వెళ్ళిపోయింది. అప్పుడు కులపెద్ద బంగారయ్య నలుగురినీ కూర్చోబెట్టాడు. మూడు గాలులకు రానివాడు ఇక రానివాడే అన్నది సముద్రపువాళ్ళ లెక్క. వైశాఖ పౌర్ణమి నాడు దర్భలతో బొమ్మ చేసి దాలయ్యకు కర్మ జరపాలని, అసిరమ్మ పుస్తె తీయాలని తీర్మానించారు. ఓడే మునిగిపోయిందనుకున్నారు గనుక పూచీమనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. కర్మ జరిగినవాడు ఆ తర్వాత బతికి వచ్చినా సరే, చచ్చినవాడి కిందే లెక్క. ఇంటి గడప తొక్కనివ్వరు. పెళ్ళాం అతని ఎదుట పడకూడదు. అసిరమ్మకు భయం పట్టుకున్నది దానికే. అతను రాకపోతాడేమోనన్న భయం పాతదే, దానితో కాపురం చేయడం అలవాటైంది. వచ్చినవాణ్ణి తన చేతులతోనే వెనక్కి పంపవలసి వస్తుందేమోనన్న భయం కొత్తది.

ఆ ఏడు వైశాఖం రెండు వచ్చింది, మొదటిది అధికం. బంగారయ్య మాత్రం సముద్రానికి అధికం ఏమిటి, నిజం ఏమిటి, ముందు వచ్చిన పౌర్ణమికే పని కానిద్దామన్నాడు. అసిరమ్మ ఊరి పురోహితుడు మాధవభట్టు వాకిట్లో నిలబడింది. "బాబూ, మిగిలింది నెక్కలోకి రాదు గదా. రాని నెలలో నా పుస్తెలెలగ తీత్తారు?"

భట్టు విస్తుపోయాడు. పంచాంగం చూసి బతికే తాను చెప్పవలసిన మాట ఆమె నోట విన్నాడు. అతను సభకు వచ్చి, సూర్యుడు రాశి మారని నెలలో కర్మలు మొదలుపెట్టడానికి శాస్త్రం ఒప్పదని గట్టిగా చెప్పాడు. బంగారయ్య చెడ్డవాడు కాదు. మరో నెల ఆగుదామన్నాడు.

ఆ అధికమాసమంతా అసిరమ్మకు వేళ్ళ సందున పట్టుకున్న పుల్లలాగే గడిచింది. ఎవరి లెక్కలోనూ లేని ఆ రోజుల్లో ఆమె పెళ్ళినాటి చీర కట్టుకుంది. దాలయ్య సగంలో వదిలిన వలను రోజుకొక వరుస అల్లింది. అతను గొణిగే రాగాన్ని తాను గొణగబోయి, అది రాక, అల్లిక ఆపి ఏడ్చింది.

నెల ముగియవస్తుండగా ఓడ వచ్చింది. తూర్పు నుంచి కాదు, దక్షిణం నుంచి వచ్చింది. ఎక్కడో సింహళం వైపు కొట్టుకుపోయి, అక్కడ బాగుచేయించుకుని, నైరుతి గాలిని పట్టుకుని ఒడ్డువారగా పైకి వచ్చిన చీనా ఓడ అది. ఊరంతా మొగకు పరుగెత్తింది. చిన్న పడవ ఒడ్డుకు తగిలింది. దిగినవాళ్ళందరి ముఖాలూ చూశాక అసిరమ్మ ఇంకెవరైనా ఉన్నారేమోనని పడవ అడుగున కూడా చూసింది.

ఓడ నాయకుడు తల వంచుకుని చెప్పాడు. మొదటి ఏడే పెనుగాలికి ఓడ చుక్కాని విరిగిందట. మానుల కోసం ఒక దీవి దగ్గర ఆగితే, దాలయ్య నలుగురితో కలిసి ఒడ్డుకు వెళ్ళాడట. ఈలోగా మళ్ళీ గాలి లేచి లంగరు తెగింది. తిరిగి వెళ్ళి వెతికితే ఆ దీవిలో చల్లారిన పొయ్యి తప్ప ఏమీ లేదట. వేరే ఓడ ఎక్కి ఉండవచ్చునని కొందరు, అడవిలోకి వెళ్ళారని కొందరు అన్నారట. చచ్చిపోయాడని చూసినవాడు లేడు. బతికి ఉన్నాడని చూసినవాడూ లేడు.

తప్పుకు బదులుగా అతను పట్టు తానులు దించబోయాడు. బంగారయ్య వద్దన్నాడు. "మీ మనిసిని మీరు తీసుకుపోండి. పూచీ తీరిపోనాది. నిజ వైశాకంలో మా పని మేం సేసుకుంటాం," అన్నాడు.

అసిరమ్మ ఇంటికి వచ్చి తాత ప్రయాణానికి అటుకులు మూట కట్టింది. ఆమెకు అతని మీద పిసరంత కోపం లేదు. ఇంటికి వెళ్ళే మనిషిని చూస్తే ఇంటికి వచ్చే మనిషి గుర్తుకు వచ్చాడు, అంతే. మనవరాలికి ఇమ్మని గవ్వల దండ ఒకటి మూటలో దోపింది. తాతను చెయ్యి పట్టుకుని మెల్లగా ఒడ్డుకు నడిపించుకు వచ్చింది. "బేగి ఎక్కు తాతా, గాలి బావుంది," అంది.

తాత ఒక కాలు పడవలో పెట్టాడు. అతని ముఖంలో కనిపించిన వెలుగును గాలిమెరకవాళ్ళు అదివరకు చూసి ఎరుగరు. అలాగే ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు.

"బంగారయ్యా, నేను ఎక్కితే దాలయ్య చచ్చిపోయినట్టేనా?"

"కట్టుబాటు అదే తాతా."

"ఎక్కకపోతే?"

"పూచీ ఉన్నన్నాళ్ళూ మనిసి ఉన్నట్టే నెక్క," అన్నాడు బంగారయ్య.

తాత పడవలోని కాలు తీసి ఇసుక మీద పెట్టాడు.

అసిరమ్మకు పట్టలేని సంతోషం వచ్చింది. ఆ సంతోషానికి ఆమె అక్కడికక్కడే సిగ్గుతో చచ్చిపోయింది. తాత భుజాలు పట్టి పడవ వైపు తోసింది. "ఎల్లు తాతా! నీ మనవరాలు సూత్తుంటాది. నీ ఇల్లు నీకు నేదేటి? నా కోసం నువ్వెందుకుండాల?" అని అరిచింది, తిట్టింది, చివరకు కాళ్ళ మీద పడింది.

తాత ఆమెను లేవదీశాడు. "ఒక పుల్ల పక్కన ఉండాలి కదమ్మా," అన్నాడు. గవ్వల దండ మాత్రం ఓడ నాయకుడి చేతిలో పెట్టి, ఏదో చెప్పి పంపాడు. ఓడ కనుమరుగయ్యే దాకా అతను ముఖం తిప్పుకోలేదు. చేసిన త్యాగానికి మనిషి పొంగిపోతాడనుకోవడం పుస్తకాలలోని మాట. తాత ఇంటి మీద బెంగతో చిక్కి సగమయ్యాడు. అసిరమ్మ అతనికి కన్నకూతురై అన్నం కలిపి పెట్టింది.

ఓడలు ఆ తర్వాత ఈ రేవుకు రావడం తగ్గించాయి. మొగలో ఇసుక మేట వేసింది. తాత మరి కొన్ని చలికాలాలు బతికి, పగలు కురచైన నాడే, తూర్పు ముఖంగా కూర్చుని కన్నుమూశాడు. అసిరమ్మ అతన్ని మిట్ట మీద పూడ్చిపెట్టించి, ఊరివాళ్ళతో పాటు తానూ రాళ్ళు మోసి పేర్చింది.

పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. పూచీమనిషే పోయాడు, ఇక దాలయ్య లెక్క మూసేద్దామా అన్నది మాట. అసిరమ్మ ఈసారి ఏడవలేదు. "తాత ఎక్కడికెల్లాడు? ఓడెక్కాడేటి? ఈడే ఉన్నాడు గదా," అంది రాళ్ళకుప్పను చూపించి. పండుముసలి అయిన మాధవభట్టు కర్ర ఊతగా లేచాడు. వదిలి వెళ్ళనివాడి పూచీ తీరదని, ఈ విషయంలో ఇంతకు మించిన శాస్త్రం తనకు తెలియదని అన్నాడు. బంగారయ్య తలపాగా తీసి రాళ్ళకుప్పకు మొక్కాడు.

లంగరు రాళ్ళు చెక్కే ఉలితో అసిరమ్మే ఆ కుప్ప పక్కన పలక మీద ఆరు గీతలు చెక్కింది. దాలయ్య ఎప్పటికీ రాలేదు. ఆమె మాత్రం నుదుట కుంకుమ, మెడలో పుస్తె, తలలో మొగలిరేకు తీయకుండా తల నెరిసే దాకా బతికి, ముత్తయిదువగా వెళ్ళిపోయింది. ముత్తయిదువగా పోయినవారిని పేరంటాలుగా కొలవడం ఈ ప్రాంతపు ఆచారం. ఆమె పోయిన ఏడాదికి వలలు అల్లే కన్నమ్మ అనే ఆమె కలలో అమ్మ కనబడి, నీడ వేస్తే వేయండి గాని తూర్పున గోడ పెట్టవద్దు, సముద్రం కనబడదు అని చెప్పిందట. నాటి నుంచి నేటి వరకు ఎన్నిసార్లు గుడి బాగుచేసినా మూడు గోడలే కట్టారు.

పగలు కురచైన నాడు గాలిమెరక నుంచి ఒక్క పడవ కూడా నీటిలోకి దిగదు. ఇంజను పడవలు వచ్చినా ఈ నియమం మారలేదు. దూరాన మనిషి ఉన్నవారు ఆ రోజు యాభై ఈనెలు తెచ్చి, ఒకదానికి తమవారి పేరు పెట్టి అమ్మ పాదాల చోట ఉంచుతారు. మిగిలినవి రెండు గుప్పిళ్ళుగా పంచి, పెద్ద గుప్పెడు తాత రాళ్ళకుప్ప మీద, చిన్న గుప్పెడు తమ ఇంటి చూరులో పెడతారు. గుర్తులు చదివే విద్య తాతతోనే పోయింది. కాబట్టి జోస్యం ఎవరూ అడగరాదు, ఎవరూ చెప్పరాదు. అధిక వైశాఖం వచ్చిన ఏట ఆ నెలంతా ముత్తయిదువలు అమ్మకు రోజుకొక కొత్త చీర కడతారు. ఆ నెల అమ్మదేనని ఊరి నమ్మకం. ఇక్కడ మొక్కుకుంటే వెళ్ళినవారు తప్పక వస్తారని మేము రాయడం లేదు, అలా అమ్మ ఎవరికీ మాట ఇవ్వలేదు. ఎదురుచూసే ఇంట్లో దీపం కొండెక్కదని, ఎదురుచూసేవారిని చూసి లోకం జాలిపడి తొందరపెట్టదని మాత్రం పెద్దల అనుభవం.

దాలయ్యకు ఈనాటి వరకు గాలిమెరకలో కర్మ జరగలేదు. ప్రతి నిజ వైశాఖ పౌర్ణమి నాడు బంగారయ్య వంశంలోని పెద్ద మిట్ట ఎక్కి, ఊరంతా వినేలా "దాలయ్య వచ్చాడా?" అని అడుగుతాడు. ఆ ఏడు ఊళ్ళో ఎవరైతే ఎక్కువ కాలంగా మనిషి కోసం చూస్తున్నారో ఆమె జవాబు చెప్పాలి. పోయిన ఏడు ఆ వంతు తవిటమ్మకు వచ్చింది. ఆమె భర్త పడమటి సముద్రం బోట్ల మీద పనికి వెళ్ళి చాలా కాలమైంది, కబురు లేదు. పెద్ద అడిగాడు. తవిటమ్మ నోరు తెరిచింది గాని గొంతు పెగలలేదు. హారతి పళ్ళెం పట్టుకుని పూజారి గారు ఆగిపోయారు. అప్పుడు మిట్ట మీద ఉన్న ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఎక్కడి నుంచో దర్శనానికి వచ్చి ఈ కథ అప్పుడే విన్న కొత్తవాళ్ళు కూడా, అందరూ ఒక్కసారిగా ఆమెకు బదులుగా పలికారు.

"ఇంకా రాలేదు. దారిలో ఉన్నాడు."